అడ్డగాలిలో చిన్న విమానం: చక్రాలు నేల తాకాక జరిగే ప్రమాదాలు

చిన్న విమానాల ప్రమాదాలను దశలవారీగా విడదీసి చూస్తే, సంఖ్యలో ఎక్కువగా కనిపించేవి ల్యాండింగ్ దగ్గర జరిగేవే. ప్రాణనష్టం లెక్కలో మాత్రం అవి బాగా కింద ఉంటాయి. మేఘాల్లో దారి తప్పి కొండను ఢీకొన్న విమానం పతాక శీర్షిక అవుతుంది. రన్‌వే మీంచి జారి గడ్డిలో ముక్కు గుచ్చుకున్న సెస్నాకు జిల్లా పేజీలో నాలుగు లైన్లు దక్కితే గొప్ప. లోపలివాళ్లు తలుపు తీసుకుని నడిచి బయటికొస్తారు. ప్రొపెల్లర్ కొసలు వంగి ఉంటాయి, ముందు చక్రం విరిగి ఉంటుంది, ఒక రెక్క చివర గీసుకుపోయి ఉంటుంది. చూడటానికి చిన్న దెబ్బే. కానీ తిరుగుతున్న ప్రొపెల్లర్ నేలకు తగిలిందంటే ఇంజన్ విప్పి లోపల పరీక్షించాలి. విమానం పాతదైతే ఆ ఖర్చు దాని ధరను మించిపోతుంది, ఇక అది మళ్లీ ఎగరదు.

ఇలాంటి వాటికి దర్యాప్తు నివేదికల్లో కారణం రాసే తీరు దాదాపు ఒకేలా ఉంటుంది: విసురులతో కూడిన అడ్డగాలిలో దిగుతూ పైలట్ విమానం దిశను అదుపులో ఉంచుకోలేకపోయారు అని. ఆ వాక్యంలో తప్పేమీ లేదు, కానీ దాంతో తెలిసేది తక్కువ. చాలా సందర్భాల్లో ఆ రోజు వీచిన గాలి ఆ విమానం తట్టుకోలేనంత గాలి కాదు. మరి పట్టు ఎక్కడ జారింది? అది తెలియాలంటే చివరి పది, ఇరవై సెకన్లను విడదీసి చూడాలి. అందులోనూ చక్రాలు తాకిన తర్వాతి భాగాన్ని ఎక్కువ శ్రద్ధగా చూడాలి. పైలట్ మనసులో ల్యాండింగ్ ఆ క్షణానికే అయిపోతుంది. గాలికి మాత్రం ఆ సంగతి తెలియదు.

టవర్ చెప్పే గాలి, రెక్కకు తగిలే గాలి

రన్‌వేకి పెట్టే నంబర్ అది చూసే దిక్కును చెబుతుంది. బేగంపేట రన్‌వే అయినా శంషాబాద్ రన్‌వేలు అయినా 09/27 దిశలోనే ఉంటాయి. ఒక కొస నుంచి దిగితే ముక్కు 90 డిగ్రీల వైపు, అంటే తూర్పుకు. రెండో కొస నుంచి దిగితే 270 వైపు, పడమరకు. నైరుతి రుతుపవనాల కాలంలో గాలి ఎక్కువగా పడమటి వైపు నుంచే వీస్తుంది కాబట్టి ఈ అమరిక మన ప్రాంతానికి నప్పుతుంది. గాలి రన్‌వే వెంట నేరుగా ఎదురొస్తే పైలట్‌కు అంతకంటే కావాల్సింది లేదు. అది పక్కకు జరిగి ఏటవాలుగా వచ్చినప్పుడే లెక్క మొదలవుతుంది.

27వ రన్‌వే మీదికి వస్తున్న విమానానికి టవర్ నుంచి "గాలి 220 డిగ్రీలు, 16 నాట్స్, విసురు 26" అని వినిపించిందనుకుందాం. ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. రన్‌వేకి, గాలికి మధ్య కోణం 50 డిగ్రీలు. ఆ లెక్కన 16 నాట్స్ గాలిలో అడ్డంగా పడే భాగం 12 నాట్స్, ఎదురుగా పడేది 10. విసురు వచ్చిన క్షణంలో అడ్డంగా పడేది 20కి, ఎదురుగా పడేది దాదాపు 17కి చేరుతుంది. కాక్‌పిట్‌లో కూర్చుని త్రికోణమితి ఎవరూ చేయరు. 30 డిగ్రీల తేడా ఉంటే గాలిలో సగం, 45 ఉంటే పదింట ఏడొంతులు, 60 ఉంటే పదింట తొమ్మిదొంతులు అడ్డంగా వస్తుందని గుర్తుపెట్టుకుంటారు. అది చాలు.

అసలు చిక్కు ఆ అంకెల స్వభావంలో ఉంది. మెటార్ అనే వాతావరణ నివేదికలో కనిపించే గాలి గడిచిన పది నిమిషాల సగటు. దిగే విమానానికి టవర్ చెప్పేది రెండు నిమిషాల సగటు. మెటార్‌లో విసురు ప్రస్తావన రావాలంటే అది సగటు కంటే కనీసం 10 నాట్స్ ఎక్కువగా ఉండాలి. అంటే సగటు 14 ఉండి, మధ్య మధ్యలో 22 దాకా లేస్తున్నా ఆ నివేదికలో విసురు అనే మాటే ఉండకపోవచ్చు. పైగా గాలిని కొలిచే పరికరం పది మీటర్ల స్తంభం మీద ఉంటుంది. విమానం అవస్థలు పడేది ఆ ఎత్తుకు కిందే. అక్కడ హాంగర్ (విమానాలు నిలిపే షెడ్డు) చాటున గాలి ఒక్కసారిగా పడిపోతుంది, హాంగర్ దాటగానే మళ్లీ కొడుతుంది. చెట్ల వరస ఉంటే దాని వెనక గాలి సుడులు తిరుగుతూ వస్తుంది. రన్‌వే ఈ కొసన ఉన్న విండ్‌సాక్ (గాలి దిక్కు చూపే గుడ్డ గొట్టం) ఒక వైపుకు, ఆ కొసన ఉన్నది ఇంకో వైపుకు చూడటం పైలట్లకు కొత్తేమీ కాదు. రెండు నిమిషాల సగటు విని బయల్దేరిన విమానం, దిగేది మాత్రం ఆ ఒక్క సెకను గాలిలో.

ఇంకో చిన్న మెలిక. మెటార్‌లో దిక్కు భౌగోళిక ఉత్తరం నుంచి లెక్కిస్తారు. రన్‌వే నంబర్, టవర్ నోటిమాట మాత్రం దిక్సూచి చూపే ఉత్తరం నుంచి. మన దేశంలో ఈ రెంటి మధ్య తేడా చాలా స్వల్పం, కాబట్టి ఎవరూ పట్టించుకోరు. అమెరికా వాయవ్య మూలన సియాటిల్ లాంటి చోట అది 15 డిగ్రీల దాకా ఉంటుంది. ఇక్కడ నేర్చుకుని అక్కడ ఎగిరేవాళ్లు మెటార్ చదివి వేసుకున్న అడ్డగాలి లెక్క ఆ మేరకు తప్పుతుంది.

పుస్తకంలోని 15కి అర్థం ఏమిటి

సెస్నా 172 మొదటిసారి ఎగిరింది 1955లో. 44,000కు పైగా తయారైన ఈ నాలుగు సీట్ల విమానం ప్రపంచమంతటా ఫ్లయింగ్ స్కూళ్లలో కనిపిస్తుంది. దాని మాన్యువల్‌లో అడ్డగాలి దగ్గర 15 నాట్స్ అని ఉంటుంది. చిన్నదైన 152కి 12. పైపర్ వారియర్‌కు 17. విద్యార్థులు వీటిని బట్టీపట్టి పరీక్షలో రాస్తారు, తర్వాత జీవితాంతం రెండు రకాలుగా అపార్థం చేసుకుంటారు. 15 దాటితే విమానం తిరగబడుతుందని కొందరు, 15 లోపు ఏమీ కాదని కొందరు.

అది పరిమితి కాదు, పరీక్షలో చూపించిన అంకె. అమెరికా పాత పార్ట్ 23 నియమాల ప్రకారం చిన్న విమానం తయారుచేసినవారు, దాని స్టాల్ వేగంలో (అంతకంటే తగ్గితే రెక్క విమానాన్ని మోయలేని వేగం) కనీసం 20 శాతం ఉన్న అడ్డగాలిలో విమానం అదుపులో ఉంటుందని చూపించాలి. ఇప్పటి సెస్నా 172, తక్కువ వేగంలో దిగడానికి రెక్కల వెనక అంచున ఉండే ఫ్లాప్స్ పూర్తిగా దించినప్పుడు దాదాపు 48 నాట్స్ దగ్గర స్టాల్ అవుతుంది. అందులో 20 శాతమంటే 10 కూడా నిండదు. కంపెనీ టెస్ట్ పైలట్ 15లో దింపి చూపించారు, ఆ సంఖ్య పుస్తకంలోకి ఎక్కింది. అంతకంటే ఎక్కువ గాలి ఉంటే ఏమవుతుందో పుస్తకం చెప్పదు. ఆ 15 నిలకడగా వీచిందా, విసురులతో వీచిందా అన్నదీ చెప్పదు. అలవాటైన చేతులతో టెస్ట్ పైలట్ చేసి చూపినదాన్ని, నలభై గంటల అనుభవం ఉన్న విద్యార్థి చేయగలగాలని ఏ నియమమూ అనలేదు.

ఈ గందరగోళం చిన్న విమానాల వాళ్లకే పరిమితం కాదు. 2008 మార్చి 1న ఎమ్మా తుఫాను గాలుల్లో హాంబర్గ్‌లో దిగబోయిన లుఫ్తాన్సా ఎయిర్‌బస్ ఏ320 ఎడమ రెక్క కొస రన్‌వేకి తగిలింది. పైలట్లు విమానాన్ని మళ్లీ లేపి, ఇంకో రన్‌వే మీద క్షేమంగా దించారు. ఆ విమానానికి చూపించిన అడ్డగాలి 33 నాట్స్, విసురులతో 38. ఆ రోజు విసురులు 47 దాకా ఉన్నాయి. జర్మన్ దర్యాప్తు సంస్థ బీఎఫ్‌యూ తేల్చిన విషయాల్లో ఒకటి ఏమిటంటే, "చూపించిన గరిష్ఠ అడ్డగాలి" అన్న మాటను పైలట్లు తలా ఒక రకంగా అర్థం చేసుకుంటున్నారు, కొందరికి అది హద్దు, కొందరికి సలహా. వేల గంటలు ఎగిరిన ఎయిర్‌లైన్ పైలట్ల మధ్యే ఏకాభిప్రాయం లేనప్పుడు వారాంతాల్లో ఎగిరేవారిని తప్పుపట్టి లాభం లేదు.

గాలిలో ఏం చేస్తారు

గోదావరి దాటే పడవవాడు అవతలి రేవుకు సూటిగా ముక్కు పెట్టడు, ప్రవాహానికి ఎదురుగా కొంచెం పైకి పెడతాడు. అడ్డగాలిలో రన్‌వే వైపు వచ్చే విమానమూ అంతే, ముక్కును గాలి వైపు తిప్పుకుని వంకరగా వస్తూ రన్‌వే గీత మీద సూటిగా సాగుతుంది. దీన్ని క్రాబ్ అంటారు. పైన చెప్పిన ఉదాహరణలో 65 నాట్స్ వేగంతో వస్తుంటే సగటు గాలికి ముక్కు 11 డిగ్రీలు పక్కకు ఉండాలి, విసురులో 18 డిగ్రీలు.

ఆ వంకరతోనే నేలకు దిగితే చక్రాలు ఒక వైపుకు, విమానం సాగే దిశ ఇంకో వైపుకు ఉంటాయి. పక్కకు పడే ఒత్తిడి అంతా ల్యాండింగ్ గేర్ మీద పడుతుంది. అందుకని దిగే ముందు, కాలి పెడల్స్‌తో కదిలే తోక మీది రడ్డర్‌తో ముక్కును రన్‌వేకి సూటిగా తెచ్చి, గాలి వచ్చే వైపు రెక్కను కొద్దిగా కిందికి వంచుతారు. వంగిన రెక్క విమానాన్ని గాలి వైపు లాగుతుంది, గాలి అవతలికి నెడుతుంది, రెండూ సరిపోతే విమానం గీత మీద నిలుస్తుంది. గాలి వైపు చక్రం ముందు తాకుతుంది, తర్వాత రెండోది, చివరికి ముందు చక్రం. కాగితం మీద ఇంతే.

గాలి నిలకడగా ఉంటే ఇది నిజంగానే అంత కష్టం కాదు. 15 నాట్స్ నిలకడైన అడ్డగాలి కంటే 8 నుంచి 18 మధ్య ఊగే గాలి ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. నిలకడైన గాలిలో చేతులు, కాళ్లు ఒక స్థానం వెతుక్కుని అక్కడే ఉంటాయి. విసురుగాలిలో ఆ స్థానం అనేదే లేదు. సరిచేసిన మరుక్షణం ఆ సరిచేతే ఎక్కువైపోతుంది. విసురు తగ్గగానే, అంతవరకు దాన్ని ఎదుర్కొంటున్న వంపు విమానాన్ని గాలి వైపుకే లాక్కెళ్తుంది. పక్కకు జారే వేగం 5 నాట్స్ అనుకున్నా అది సెకనుకు రెండున్నర మీటర్లు. చిన్న ఫీల్డ్‌లో రన్‌వే వెడల్పు 23 మీటర్లు ఉంటే మధ్య గీత నుంచి అంచు దాకా నాలుగున్నర సెకన్ల దూరం.

అడ్డంగా పడే భాగాన్ని అందరూ చూస్తారు, ఎదురుగాలిలో వచ్చే హెచ్చుతగ్గులను మరచిపోతారు. రెక్క ఎత్తే బలం వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. 65 నాట్స్‌తో వస్తుంటే ఎదురుగాలి ఉన్నట్టుండి 10 నాట్స్ పడిపోయిందంటే, రెక్కకు తెలిసే వేగం 55. ఎత్తే బలం 28 శాతం పోయినట్టు. వంద మీటర్ల ఎత్తులో అయితే ముక్కు కొంచెం దించి, కొంచెం పవర్ ఇచ్చి సర్దుకోవచ్చు. మూడు మీటర్ల ఎత్తులో సర్దుకునే వ్యవధి లేదు. విమానం ధడేలున పడి ఎగురుతుంది, ఆ ఎగిరిన చోట వేగం లేదు, గాలి మాత్రం అడ్డంగా నెడుతూనే ఉంది.

ఈ భయంతోనే వేగం కలుపుకుంటారు. పాఠం చెప్పేది సగటుకు, విసురుకు మధ్య ఉన్న తేడాలో సగం కలపమని. 16, విసురు 26 అయితే తేడా 10, కలపాల్సింది 5. ఆచరణలో ఆ 5 మీద టెన్షన్ కొద్దీ ఇంకో 10 చేరుతుంది. 65కి బదులు 80తో వస్తే విమానంలోని గతిశక్తి ఒకటిన్నర రెట్లు. అది నేల మీద దిగనని తేలుతూనే ఉంటుంది, రన్‌వే తరిగిపోతూ ఉంటుంది, చివరికి ముక్కు కిందికి తోసి బలవంతంగా ఆనించే ప్రయత్నం జరుగుతుంది. అప్పుడు ముందు చక్రం మొదట తాకుతుంది. రెక్కలు ఇంకా బరువు మోస్తూనే ఉన్నాయి కాబట్టి వెనక చక్రాలకు పట్టు ఉండదు. ముందు చక్రం రడ్డర్ పెడల్స్‌తో నేరుగా కలిసి ఉండే పైపర్ రకాల్లో, అడ్డగాలి కోసం తొక్కి ఉంచిన పెడల్ వల్ల ఆ చక్రం పక్కకు తిరిగి ఉంటుంది. తాకిన క్షణమే విమానం అటు దూకుతుంది. సెస్నాల్లో ముందు చక్రం వెనకుండే ఫైర్‌వాల్ (ఇంజన్‌ను కాక్‌పిట్ నుంచి వేరుచేసే లోహపు గోడ) ముడతలు పడటం మెకానిక్‌లకు బాగా పరిచయమైన దెబ్బ, దాని మూలం ఎక్కువగా ఇలాంటి ల్యాండింగ్‌లే.

ఫ్లాప్స్ పూర్తిగా దించాలా వద్దా అన్నది క్లబ్బుల్లో తెగని చర్చ. సెస్నా మాన్యువల్ మాట మాత్రం స్పష్టం: అడ్డగాలి బలంగా ఉంటే ఆ రన్‌వే పొడవుకు అవసరమైనంత తక్కువ ఫ్లాప్ వాడమని. పూర్తి ఫ్లాప్స్‌తో తక్కువ వేగంలో దిగొచ్చు, నిజమే. కానీ ఆ తక్కువ వేగంలో రడ్డర్‌కు, రెక్కలను అటూ ఇటూ వంచే ఎయిలరాన్‌కు పట్టు కూడా తక్కువ.

తాకిన తర్వాత

చక్రాలు తాకాక విమానం బండి అయిపోతుందన్న భావన ఈ ప్రమాదాల్లో చాలావాటికి మూలం. తాకిన తర్వాత కూడా కొంతసేపు అది విమానమే, అదీ సగం సగం విమానం. రడ్డర్ బలం కూడా వేగం వర్గాన్ని బట్టే ఉంటుంది. 60 నాట్స్ నుంచి 30కి తగ్గేసరికి అది నాలుగో వంతుకు పడిపోతుంది. అడ్డగాలి మాత్రం ఏమీ తగ్గలేదు. 15 నాట్స్ అడ్డగాలి 60 నాట్స్‌తో సాగే విమానానికి 14 డిగ్రీల కోణం నుంచి తగిలినట్టు ఉంటే, 30 నాట్స్‌తో సాగేటప్పుడు 27 డిగ్రీల నుంచి తగులుతుంది. తోక మీద నిలువుగా ఉండే రెక్కను గాలి అవతలికి నెడుతుంది, ముక్కు గాలి వైపు తిరుగుతుంది. రడ్డర్ పట్టు తగ్గడం, గాలి నెట్టుడు పెరగడం ఒకేసారి జరుగుతున్నాయన్నమాట. ముందు చక్రం పూర్తిగా పట్టు అందుకునేవరకు ఉండే ఈ కొద్ది సెకన్ల సందులోనే చాలా విమానాలు రన్‌వే అంచు దాటేస్తాయి.

ఆ సందులో ఎయిలరాన్ పని పెరుగుతుంది. గాలి వైపు పెట్టిన కంట్రోల్‌ను వేగం తగ్గేకొద్దీ ఇంకా ఇంకా పెంచుతూ, చివరికి పూర్తిగా అటు తిప్పి ఉంచాలి. అలా ఉంచితే గాలి వైపు రెక్క లేవదు. అంతేకాదు, అవతలి రెక్క మీద కిందికి దిగిన ఎయిలరాన్ కలిగించే ఈడ్పు ముక్కును గాలి నుంచి దూరంగా లాగి రడ్డర్‌కు సాయం చేస్తుంది. విద్యార్థులు చేసేది దీనికి తలకిందులు. చక్రాలు తాకగానే ఊపిరి వదిలి, చేతిలోని కంట్రోల్‌ను మధ్యలోకి తెచ్చేస్తారు. ఫ్లాప్స్ లివర్ కోసం, బ్రేక్ కోసం చూపు కిందికి పోతుంది. సరిగ్గా అప్పుడు విసురు వచ్చిందంటే, 45 నాట్స్‌తో దొర్లుతున్న విమానానికి ఎదురుగాలి ఇంకో 10 పెరిగి రెక్కకు 55 తెలుస్తుంది. 48 దగ్గర స్టాల్ అయ్యే విమానానికి 55 అంటే ఎగరడానికి సరిపడా వేగం. గాలి వైపు రెక్క లేస్తుంది, అవతలి రెక్క కొస నేల గీస్తుంది, ముక్కు తిరుగుతుంది.

తోకచక్రం విమానాల్లో ఇది ఇంకా మొండిగా ఉంటుంది. వాటిలో బరువు కేంద్రం ప్రధాన చక్రాల వెనక ఉంటుంది. ముక్కు కొంచెం తిరిగిందంటే వెనక బరువు ఆ తిరుగుడును పెంచుతుంది, పైలట్ పట్టుకోకపోతే విమానం తన చుట్టూ తాను తిరిగిపోతుంది. దాన్నే గ్రౌండ్ లూప్ అంటారు. 1958లో మొదటిసారి ఎగిరి, దేశంలోని ఫ్లయింగ్ క్లబ్బుల్లో ఒక తరానికి పాఠం చెప్పిన హెచ్‌ఏఎల్ పుష్పక్ ఈ రకమే. ముందు చక్రం ఉన్న విమానాల్లో బరువు కేంద్రం ప్రధాన చక్రాలకు ముందుంటుంది కాబట్టి అవి తమంతట తాము సూటిగా రావాలని చూస్తాయి. ఆ గుణం చాలా తప్పులను క్షమిస్తుంది. క్షమిస్తుంది కాబట్టే కాళ్లకు బద్ధకం నేర్పుతుందన్న పాతతరం ఇన్‌స్ట్రక్టర్ల సణుగుడులో కొంత నిజం ఉంది.

ఈ బాధ లేకుండా చేయాలని ఇంజనీర్లు ప్రయత్నించారు. 1940లో సర్టిఫికెట్ పొందిన ఎర్‌కూప్ అనే రెండు సీట్ల విమానానికి రడ్డర్ పెడల్సే ఉండేవి కావు. వంకరగానే దిగు, నేల తాకగానే గట్టి చక్రాలు దాన్ని సూటిగా తిప్పుకుంటాయి అన్నది దాని సిద్ధాంతం. అది పనిచేసింది కూడా. బీ-52 బాంబర్ చక్రాలనైతే 20 డిగ్రీల దాకా తిప్పి, ముక్కు పక్కకు పెట్టుకునే దిగొచ్చు. చిన్న విమానాల్లో ఇవేవీ నిలబడలేదు. బరువు, ఖర్చు అనుకున్నా, అసలు రన్‌వేలే మారిపోయాయి. తొలినాళ్లలో ఎయిర్‌ఫీల్డ్ అంటే పెద్ద గడ్డి మైదానం, గాలి ఎటు వీస్తే అటు ఎదురుగా దిగేవారు. రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటన్ స్థావరాల్లో మూడు రన్‌వేలు త్రికోణంగా వేసేవారు. ఇప్పుడు ఖర్చు దృష్ట్యా ఎక్కువ చోట్ల ఒకటే దిశ. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో ప్రమాణం కూడా రన్‌వే దిశ 95 శాతం సమయం అడ్డగాలి హద్దులో ఉంటే చాలంటుంది. ఆ హద్దు పెద్ద విమానాల పొడవాటి రన్‌వేలకు 20 నాట్స్, 1,200 మీటర్ల లోపు చాలే విమానాలకు 10 నాట్స్. పెద్ద విమానాలను దృష్టిలో పెట్టుకుని వేసిన ఒంటి రన్‌వే మీద చిన్న విమానం శిక్షణ జరిగితే, పుస్తకం ప్రకారం ఎయిర్‌పోర్ట్‌కు ఏ లోపమూ ఉండదు. ఇబ్బంది మాత్రం చిన్న విమానానిదే.

మళ్లీ పైకి లేవడం

సరిగా కుదరకపోతే దిగకుండా పైకి లేచి ఇంకో చుట్టు రమ్మని ప్రతి పాఠమూ చెబుతుంది. గో అరౌండ్ అనే ఆ సలహా మంచిదే, కానీ దాన్ని ఉచితంగా దొరికే మందులా చెప్పడం సరికాదు. పూర్తి పవర్ ఇవ్వగానే ప్రొపెల్లర్ ప్రభావంతో ముక్కు ఎడమకు లాగుతుంది. అడ్డగాలి కూడా ఎడమ నుంచే ఉంటే రెండూ కలుస్తాయి. వేగం తక్కువ, ఫ్లాప్స్ కిందికి ఉన్నాయి, కుడి కాలు గట్టిగా తొక్కకపోతే విమానం ఎడమ అంచు వైపు వంకరగా లేస్తుంది. ఒకసారి బలంగా ఎగిరిపడ్డాక, ముక్కు పక్కకు తిరిగాక గో అరౌండ్ నిర్ణయం తీసుకుంటే, అది మామూలు ల్యాండింగ్ ప్రమాదాన్ని ప్రాణాంతకం చేయగలదు.

2016 జూన్ 9న అమెరికాలోని హ్యూస్టన్ హాబీ ఎయిర్‌పోర్ట్ దగ్గర జరిగింది ఈ కోవలోనిదే. ఓక్లహోమా నుంచి ముగ్గురితో వచ్చిన సిర్రస్ ఎస్‌ఆర్20 అది. ఎయిర్‌లైన్ జెట్లతో రద్దీగా ఉండే చోటు. మొదట 4వ నంబర్ రన్‌వే ఇచ్చారు. వెనక బోయింగ్ 737 చాలా వేగంగా దగ్గరవుతోందని ఆ ప్రయత్నం ఆపించారు. తర్వాత 35వ రన్‌వేకి మార్చారు. తూర్పు వైపు నుంచి విసురులతో వీస్తున్న గాలికి ఆ రన్‌వే దాదాపు పూర్తిగా అడ్డం. అక్కడ దిగబోయిన ప్రతిసారీ విమానం ఎత్తు ఎక్కువై గో అరౌండ్ చేయాల్సి వచ్చింది. టవర్ నుంచి వరసగా మలుపులు, మార్పులు, సూచనలు. ఆఖరి గో అరౌండ్‌లో వేగం చాలకముందే ఫ్లాప్స్ లేపడంతో విమానం స్టాలై, తిరుగుతూ ఓ దుకాణం పార్కింగ్‌లో ఖాళీ కారు మీద పడింది. ముగ్గురూ చనిపోయారు. సిర్రస్‌కు విమానం మొత్తాన్ని దించే పారాచూట్ ఉంటుంది, అంత తక్కువ ఎత్తులో అది తెరుచుకునే వ్యవధి ఉండదు.

అమెరికా ప్రమాద దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ ప్రధాన కారణంగా చూపింది గో అరౌండ్ చేసిన పద్ధతిని. దాంతోపాటు విమానాన్ని ఆ రద్దీ వరసలోనే ఉంచిన కంట్రోలర్ నిర్ణయం, కీలక సమయంలో ఇచ్చిన అనవసరంగా క్లిష్టమైన సూచనలు కూడా కారణాల జాబితాలో చేరాయి. పైలట్ గట్టిగా మాట్లాడలేకపోవడాన్నీ ప్రస్తావించింది. రేడియోలో "అనేబుల్" అనే ఒక్క మాటతో ఫలానా రన్‌వే నాకు కుదరదని చెప్పే హక్కు ప్రతి పైలట్‌కూ ఉంది. కానీ వెనక జెట్లు వస్తున్న పెద్ద ఎయిర్‌పోర్ట్‌లో, కొద్దిపాటి అనుభవంతో ఆ మాట నోటికి రావడం తేలిక కాదు. మన దగ్గర పెద్దవాళ్ల మాటకు ఎదురు చెప్పకూడదని పెరిగిన పిల్లలకు అది ఇంకా కష్టం. ట్రైనింగ్‌లో రడ్డర్‌తో పాటు ఆ మాటను కూడా అభ్యాసం చేయించాలి.

అభ్యాసం విషయంలో సిమ్యులేటర్ మీద ఆశ పెట్టుకునేవారు డెన్వర్ ఉదంతం చూడాలి. 2008 డిసెంబర్ 20న కాంటినెంటల్ 1404 టేకాఫ్ పరుగులో ఉండగా 45 నాట్స్ అడ్డవిసురు కొట్టి, బోయింగ్ 737 రన్‌వే దాటి పోయింది. టవర్ చెప్పిన గాలి 27 నాట్స్. లోపలున్న 115 మందీ బతికారు, కొందరికి తీవ్ర గాయాలయ్యాయి. కెప్టెన్ రడ్డర్ వదిలేయడం ప్రధాన కారణమైతే, సిమ్యులేటర్లలో విసురుగాలిని సరిగా చూపించలేని లోపాన్ని ఎన్‌టీఎస్‌బీ తోడైన కారణాల్లో రాసింది. ఎయిర్‌లైన్ సిమ్యులేటర్ల పరిస్థితే అది అయినప్పుడు, ఫ్లయింగ్ స్కూల్లో ఉండే చిన్న పరికరాల సంగతి చెప్పనక్కర్లేదు.

మన దేశంలో కమర్షియల్ లైసెన్స్‌కు 200 గంటలు ఎగరాలి. గాలి నెమ్మదిగా ఉండే ఉదయం వేళల్లో గంటలు త్వరగా పోగవుతాయి. మధ్యాహ్నం నేల వేడెక్కి గాలి ఎగుడుదిగుడు అయ్యాక, ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉరుముల వానకు ముందు ఈదురుగాలి లేచాక విద్యార్థిని ఒంటరిగా పంపకపోవడం సబబే. అసలు గాలి ఉన్న రోజు ఇన్‌స్ట్రక్టర్‌తో కూడా ఎగరకుండా 200 పూర్తిచేస్తే మాత్రం లాగ్‌బుక్ నిండుతుంది గానీ కాళ్లు ఖాళీగానే ఉంటాయి. ఒక ల్యాండింగ్‌లో రెక్క వంచి, ముక్కు సూటిగా పెట్టి ఉంచే సమయం ఐదారు సెకన్లు. పది ల్యాండింగ్‌లు చేసినా నిమిషం దాటదు.

అందుకే కొందరు ఇన్‌స్ట్రక్టర్లు అడ్డగాలి ఉన్న రోజున, టవర్ అనుమతితో, దిగకుండానే రన్‌వే వెంట విమానాన్ని తీసుకెళ్తారు. నేలకు మూడు నాలుగు మీటర్ల ఎత్తు, కొద్దిగా పవర్, గాలి వైపు రెక్క వంపు, అవతలి రడ్డర్. పని ఒక్కటే: గీత మీద ఉండాలి, ముక్కు గీత వెంట చూడాలి. ఎదురుగాలి పోను నేల మీద వేగం 55 నాట్స్ ఉంటే 1,500 మీటర్ల రన్‌వే దాటడానికి 50 సెకన్లకు పైగా పడుతుంది. ఆ ఒక్క చుట్టులో పది ల్యాండింగ్‌ల పెట్టు విసురులు తగులుతాయి. రన్‌వే కొస దగ్గర పడ్డాక పవర్ ఇచ్చి, కుడి కాలు తొక్కి, వేగం చూసుకున్నాకే ఫ్లాప్స్ ఒక్కో మెట్టు లేపుతూ పైకి వెళ్లాలి.